ఆఫీసు కుర్చీ ఎప్పుడు మార్చాలి: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో పద్నాలుగేళ్లుగా ఆఫీసు కుర్చీలు బాగుచేస్తున్నాను. చిన్న రిపేరుతో పోయేదాన్ని చాలామంది పాత సామాన్లవాడికి ఇచ్చేస్తారు. నిజంగా పారేయాల్సినదాన్ని మాత్రం "ఎలాగోలా నిలబెట్టండి" అంటూ నా దగ్గరికి తెస్తారు.

అపోహ: కూర్చోగానే సీటు కిందికి దిగిపోతోంది, ఇక కుర్చీ పని అయిపోయింది.

వాస్తవం: పాడైంది గ్యాస్ లిఫ్టు, అంటే సీటును పైకీ కిందికీ జరిపే గొట్టం ఒక్కటే. దీన్ని అందరూ హైడ్రాలిక్ అంటారు, దుకాణంలో నేనూ ఆ పేరుతోనే అడుగుతాను. కానీ లోపల బరువు మోసేది అధిక పీడనంతో నింపిన నైట్రోజన్ వాయువు. వాయువును బయటికి పోనివ్వని సీళ్లు అరిగితే పీడనం నిలవదు, సీటు నెమ్మదిగా దిగుతుంది. చాలా కుర్చీల్లో లిఫ్టుకు బోల్టులు ఉండవు. కింది కొస చక్రాలుండే కాళ్ల బేస్‌లోకి, పై కొస సీటు కింద ఉన్న మెకానిజంలోకి దిగి, కూర్చున్నవారి బరువుకే బిగుసుకుపోతాయి. ఏళ్ల తరువాత ఊడదీయడమే కష్టం. కుర్చీని తలకిందులు చేసి, బేస్‌ను కాస్త ఎత్తిపట్టి, లిఫ్టు అడుగు అంచు మీద సుత్తితో కొడితే బేస్ వదులుతుంది. పై కొసను పైప్ రెంచితో మెలితిప్పాలి. మొత్తం అరగంట పని. కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్లి పొడవు, మందం సరిచూసుకోండి. పాత లిఫ్టును కోయడం, రంధ్రం వేయడం, మంట చూపించడం ఎప్పుడూ చేయకండి. లోపల ఇంకా పీడనం ఉంటుంది.

అపోహ: ఐదేళ్లు దాటితే మార్చాల్సిందే.

వాస్తవం: ఏళ్లకన్నా గంటలు ముఖ్యం. ఆఫీసు కుర్చీలకు అమెరికా ప్రమాణమైన బిఫ్మా ఎక్స్5.1లోని పరీక్షలు ఒకే షిఫ్టులో, వారానికి 40 గంటల చొప్పున పదేళ్ల వాడకాన్ని దృష్టిలో పెట్టుకుని రూపొందించినవి. మూడు షిఫ్టుల కాల్ సెంటర్‌లో ఒకే కుర్చీలో ముగ్గురు వంతులవారీగా కూర్చుంటే ఆ గంటలు మూడేళ్లు దాటగానే అయిపోతాయి. ఇంట్లో రోజుకు రెండు గంటలు కూర్చునేవారు తొందరపడనక్కర్లేదు.

అపోహ: రెగ్జిన్ పొలుసులుగా ఊడితే కుర్చీ పాడైనట్టే.

వాస్తవం: చెమట, తేమ తగిలి పైపూత ఊడుతుంది, అంతే. కొత్త గుడ్డ కుట్టిస్తే సరి. స్పాంజిని మాత్రం పిడికిలితో నొక్కి చూడండి, అడుగున చెక్క తగిలితే దాన్నీ మార్పించాలి.

అపోహ: బయటికి బాగుంది కాబట్టి ఇంకా వాడొచ్చు.

వాస్తవం: నన్ను భయపెట్టేవి ఇలాంటి కుర్చీలే. ఒక ఆడిటరు గారు చక్రం ఊడిపోతోందని కుర్చీ పంపించారు. గుడ్డ మీద మరక కూడా లేదు. తిరగేసి చూస్తే, ఐదు కాళ్లలో ఒకటి నడిమి గుండ్రానికి కలిసే చోట వెంట్రుకలాంటి నల్లటి గీత. తుడిస్తే పోలేదు. పగులులో దుమ్ము చేరింది. కాలిని చేత్తో వంచితే గీత నోరు తెరిచింది. "కొత్త చక్రం వేసి పంపించండి చాలు" అన్నారు ఫోనులో. నేను వేయలేదు. ఆ కాలు విరిగితే మనిషి వెనక్కి పడతాడు. సరిపడే బేస్ దొరికితే మార్చవచ్చు, ఆయనకు అలాగే చేశాను. కానీ సీటు కింది ఇనుప ప్లేటే పగిలినా, చెక్కలో స్క్రూ రంధ్రాలు పెద్దవై పట్టు వదిలేసినా నేను పని ఒప్పుకోను. వెల్డింగు చేసి ఇచ్చేవాళ్లు ఉన్నారు, వాళ్ల ధైర్యం నాకు లేదు. విడిభాగాల ఖర్చు అలాంటి కొత్త కుర్చీ ధరలో సగం దాటినా కొత్తదే కొనుక్కోమంటాను.

అపోహ: నడుము నొప్పి వస్తే కుర్చీ మార్చాలి.

వాస్తవం: నేను డాక్టరును కాను. తగ్గని నొప్పికి వాళ్ల దగ్గరికే వెళ్లండి. అయితే ఎత్తు ఎక్కువై పాదాలు నేలకు ఆనకుండా కూర్చునేవారిని రోజూ చూస్తుంటాను. ఇంకొందరు "కుర్చీ వీపు నన్ను ముందుకు నెట్టేస్తోంది, స్ప్రింగు పోయింది" అంటారు. సీటు కింద బిగువు సరిచేసే గుండ్రటి పిడి ఒకటి ఉంటుంది. కొన్న రోజు నుంచి దాన్ని ఎవరూ ముట్టుకుని ఉండరు. నాలుగు చుట్లు వదులు చేస్తాను. "ఎంతివ్వమంటారు?" అని అడిగితే, ఆ పనికి ఇప్పటికీ టీతోనే సరిపెట్టుకుంటాను.