ఇంజెక్షన్ వికటించిందని రక్తం చెప్పగలదా? ట్రిప్టేజ్ పరీక్ష వెనుక కథ

ఇంజెక్షన్ వికటించి రోగి చనిపోయాడన్న వార్త తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో తరచూ కనబడేదే. బంధువులు ఆసుపత్రి ముందు బైఠాయిస్తారు, వైద్యులు గుండె ఆగిందంటారు, పోస్టుమార్టం జరుగుతుంది. అయితే అనఫిలాక్సిస్ అనే తీవ్ర అలర్జీతో పోయిన ప్రాణానికి శరీరంలో ప్రత్యేకమైన ఆనవాలు చాలాసార్లు మిగలదు. గొంతులో వాపు కనిపిస్తే కనిపించవచ్చు, లేకపోతే లేదు. నిజంగా మందు పడకే అలా జరిగిందా, మరో కారణమేదైనా ఉందా అన్నది రక్తపరీక్షతో తేల్చాలన్న ప్రయత్నానికి సుదీర్ఘ చరిత్ర ఉంది. ఆ చరిత్రలో అడుగడుగునా అడ్డుపడింది కాలమే.

1901లో మొనాకో పాలకుడు మొదటి ఆల్బర్ట్ ఓడలో ప్రయాణించిన ఫ్రెంచి శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్టియే సముద్రజీవుల విషంపై ప్రయోగాలు మొదలుపెట్టి, ఫ్రాన్స్‌కు తిరిగివచ్చాక వాటిని కుక్కలపై కొనసాగించారు. మొదటి మోతాదును తట్టుకున్న కుక్క కొన్ని వారాల తర్వాత అదే విషం మళ్లీ ఎక్కించగానే అరగంట లోపే చనిపోయింది. రక్షణ కలగాల్సిన చోట ప్రాణాపాయం కలగడం వారిని ఆశ్చర్యపరిచింది. 1902లో అనఫిలాక్సిస్ అనే పేరుతో వెల్లడించిన ఈ పరిశోధనకుగాను రిషేకు 1913లో నోబెల్ బహుమతి లభించింది.

ఆ సమయంలో శరీరంలో విడుదలై ప్రాణం తీసే పదార్థమేమిటన్న ప్రశ్నకు తొలి సమాధానం లండన్‌లో దొరికింది. 1910లో హెన్రీ డేల్, ప్యాట్రిక్ లెయిడ్లా హిస్టమిన్ అనే రసాయనాన్ని జంతువులకు ఎక్కించి చూడగా, రక్తపోటు పడిపోవడం, శ్వాసనాళాలు బిగుసుకోవడం వంటి లక్షణాలు అనఫిలాక్సిస్‌ను పోలి ఉన్నాయి. ఆ హిస్టమిన్‌కు ప్రధాన నిల్వస్థానం రోగనిరోధక వ్యవస్థకు చెందిన మాస్ట్ కణాలేనని 1953లో డండీ నగరంలో రైలీ, వెస్ట్ చూపించారు. 1966, 1967 సంవత్సరాల్లో ఇషిజాకా దంపతులు అమెరికాలోనూ, యొహాన్సన్, బెనిక్ స్వీడన్‌లోనూ విడివిడిగా ఐజీఈ అనే యాంటీబాడీని గుర్తించారు. ఈనాడు మన డయాగ్నొస్టిక్ సెంటర్లలో జరిగే అలర్జీ రక్తపరీక్షలకు మూలం ఇదే. అయితే ఐజీఈ ఉన్నంత మాత్రాన ప్రమాదం జరిగిందని కాదు. ఒంట్లో ఐజీఈ ఉండి కూడా వేరుశెనగలు, రొయ్యలు హాయిగా తినేవారు ఎందరో ఉన్నారు కాబట్టి, ఆ పరీక్ష చెప్పేది అవకాశం గురించే తప్ప జరిగిన సంఘటన గురించి కాదు.

జరిగినదాన్ని హిస్టమిన్‌తో పట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ అది అయిదు, పది నిమిషాల్లో గరిష్ఠానికి చేరి, గంట తిరిగేలోపే మామూలు స్థాయికి దిగిపోతుంది. అప్పటికి రోగి ఇంకా 108 వాహనంలోనే ఉండవచ్చు. తీసిన నమూనాను వెంటనే చల్లబరచి, కణాలను వేరుచేయకపోతే ఫలితాన్ని నమ్మడానికి వీల్లేదు.

ఈ చిక్కును విడదీసింది ట్రిప్టేజ్. మాస్ట్ కణాల్లోని ఈ ఎంజైమ్‌ను 1981లో లారెన్స్ ష్వార్ట్జ్ బృందం మనిషి ఊపిరితిత్తుల కణాల నుంచి శుద్ధిచేసింది. అనఫిలాక్సిస్ వచ్చినవారి రక్తంలో అది పెరుగుతుందని 1987లో వెల్లడించింది. లక్షణాలు మొదలైన గంట, గంటన్నరకు ఇది గరిష్ఠానికి చేరుతుంది. ఆ తర్వాత సుమారు రెండు గంటలకొకసారి సగానికి తగ్గుతూ వస్తుంది కాబట్టి, ప్రాణం నిలబెట్టే పని అయ్యాక నమూనా తీసినా ఆలస్యం కాదు. పైగా మామూలు సీరం ట్యూబు సరిపోతుంది. 1991లో అనఫిలాక్సిస్ మృతుల రక్తంలోనూ దీన్ని గుర్తించడంతో ఫోరెన్సిక్ వైద్యులకు ఒక ఆధారం దొరికినట్టయింది. కాకపోతే మరణానంతరం ఇతర కారణాలతోనూ ఇది పెరుగుతుంది, అందుకే గుండె నుంచి కాక తొడ సిర నుంచి రక్తం తీయాలంటారు.

ఆచరణలో ఎక్కువగా పొరపాటు జరిగేది అంకెను చదవడంలోనే. ల్యాబ్ రిపోర్టులో మామూలు పరిమితి మిల్లీలీటరుకు 11.4 నానోగ్రాములని ఉంటుంది. ఒక రోగికి ప్రమాద సమయంలో 8 వచ్చిందనుకుందాం. నార్మల్ అని రాసి ఫైలు మూసేస్తారు. అదే రోగికి ఒకటి రెండు రోజుల తర్వాత మళ్లీ పరీక్షిస్తే 4 వచ్చిందంటే అసలు సంగతి బయటపడుతుంది. 2010లో వియన్నాలో నిపుణులు కుదుర్చుకుని 2012లో ప్రచురించిన సూత్రం ప్రకారం, మూలస్థాయికి, అంటే ప్రతిచర్య లేనప్పుడు ఆ రోగిలో ఉండే స్థాయికి, అందులో 20 శాతాన్ని, మరో 2 నానోగ్రాములను కలిపితే వచ్చే విలువను చేరితే మాస్ట్ కణాలు ఉద్రేకించినట్టే. 4కు ఆ హద్దు 6.8, కాబట్టి 8 నిజమైన పెరుగుదల. కోలుకున్నాక తీసే ఈ పోలిక నమూనా లేని ట్రిప్టేజ్ రిపోర్టు సగం రిపోర్టే అన్నది నా అభిప్రాయం. నమూనా తీసిన సమయం ట్యూబుపై రాయకపోతే ఆ సగానికీ విలువ తగ్గుతుంది. ప్రమాద సమయంలోనైతే అత్యవసర చికిత్స మొదలైన వెంటనే ఒక నమూనా, వీలైతే లక్షణాలు మొదలైన గంట, రెండు గంటల్లో, నాలుగు గంటలు దాటకుండా మరొకటి తీయాలని 2011లో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ సూచించింది.

మూలస్థాయి కూడా అందరికీ ఒకటి కాదు. మాస్ట్ కణాలు అతిగా పేరుకునే మాస్టోసైటోసిస్ అనే జబ్బు ఉన్నవారిలో అది ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది. అలాంటివారికి తేనెటీగ, కందిరీగ కుడితే ప్రాణం మీదికొచ్చే అవకాశం అధికం. ట్రిప్టేజ్ జన్యువు అదనపు ప్రతులు వారసత్వంగా వచ్చినవారిలోనూ ఇలా ఉంటుందని 2016లో తేలింది.

ఇక ట్రిప్టేజ్ ఎక్కువగా తడబడేది ఆహారం దగ్గరే. మందులు, కీటకాల కాటు వల్ల వచ్చిన అనఫిలాక్సిస్‌లో పెరిగినంతగా వేరుశెనగ, పాలు, గుడ్ల వల్ల వచ్చినదానిలో పెరగదు. పిల్లల్లో ప్రాణాంతకమైన సందర్భాల్లోనూ మామూలుగా ఉండవచ్చు. అందుకే 2006లో రూపొందించిన రోగనిర్ధారణ ప్రమాణాల్లో రక్తపరీక్షకు చోటే లేదు. దద్దుర్లు, ఆయాసం, రక్తపోటు పడిపోవడం చూసి నిర్ధారించి, తొడ కండరంలోకి అడ్రినలిన్ ఇవ్వాల్సిందే.

తీవ్రతను కొలిచే మరో సూచిక కోసం వెతుకుతూ, 2008లో టొరంటో వైద్యుడు పీటర్ వాడాస్ బృందం ప్లేట్‌లెట్ యాక్టివేటింగ్ ఫ్యాక్టర్ అనే కొవ్వు పదార్థాన్ని పరీక్షించింది. ప్రతిచర్య ఎంత తీవ్రమైతే రక్తంలో అది అంత ఎక్కువగా కనిపించింది. దాన్ని విచ్ఛిన్నం చేసే ఎంజైమ్ తక్కువగా ఉన్నవారిలో ప్రమాదం మరింత పెరిగింది. కానీ అదీ హిస్టమిన్ లాగే నిమిషాల్లో కరిగిపోయే పదార్థం కావడంతో, ఆసుపత్రి ల్యాబులు మాత్రం ఇప్పటికీ ట్రిప్టేజ్ మీదే ఆధారపడుతున్నాయి.