అణు విద్యుత్‌కు బ్యాంకు అప్పు: అపోహలు - వాస్తవాలు

కిందటి నెల కావలిలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దాయన నన్ను గుర్తుపట్టాడు. నేను సముద్రం ఒడ్డు బ్రాంచిలో ఉన్నప్పుడు పడవకి, వలలకి లోను తీసుకున్న మనిషి. అన్నం కలుపుకుంటూనే అడిగాడు: "సారూ, ఆ రోజు నా పడవకి ఇద్దరు జామీనుదారుల్ని తెమ్మన్నారు. ఇంజిన్ నంబరు మీద కాయితం పెట్టి, పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నారు. ఇప్పుడు అణు కరెంటు కంపెనీలకి వేల కోట్లు ఇస్తారంట గదా, దానికి జామీను ఎవురు?"

పొగాకు ఎండబెట్టే బ్యారన్ల నుంచి రొయ్యల గుంటల దాకా, చివరికి కరెంటు ప్లాంట్ల దాకా ముప్పై ఏళ్లు అప్పుల ఫైళ్లు రాశాను. అంత సూటి ప్రశ్న హెడ్డాఫీసు మీటింగుల్లో కూడా నాకు ఎదురుకాలేదు. ఆయనకి ఆ పూట సగమే జవాబు చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ఈ మాట ఇప్పుడెందుకంటే, కావలి దగ్గర రష్యా సాయంతో అణు విద్యుత్ కేంద్రం వస్తుందని 2015-16 ప్రాంతంలో పత్రికల్లో వచ్చింది. అక్కడ పని మొదలు కాలేదు. కానీ 2047 నాటికి 100 గిగావాట్ల అణు విద్యుత్ కావాలని 2025 బడ్జెట్లో లక్ష్యం పెట్టారు. అదే ఏడాది డిసెంబరులో 'శాంతి' (SHANTI) అనే కొత్త అణు చట్టం వచ్చి ప్రైవేటు కంపెనీలకు కూడా దారి తెరిచింది. ప్రైవేటు కంపెనీ వస్తే దాని వెనక బ్యాంకు వస్తుంది. బ్యాంకు డబ్బంటే మనం వేసుకున్న డిపాజిట్లే.

అపోహ: బ్యాంకులు అన్నీ లెక్క చూసుకునే ఇస్తాయి. మనం అడగాల్సింది ఏమీ లేదు.

పెద్ద అప్పు ఒక్క బ్యాంకు ఇవ్వదు. పది పదిహేను బ్యాంకులు కన్సార్షియంగా కలుస్తాయి. లీడ్ బ్యాంకు నోట్ తయారు చేస్తుంది, మిగతావాళ్లు దాని మీద ఆధారపడి తమ వాటా సాంక్షన్ చేస్తారు. నేనూ అలా చేశాను. ఒక థర్మల్ ప్లాంటు ఫైలు మా దగ్గరికి వచ్చినప్పుడు, దిగుమతి బొగ్గు ధర రెట్టింపైతే కిస్తీ ఎలా కడతారన్న లెక్క అందులో లేదు. అడగాల్సింది నేనే. లీడ్ బ్యాంకు చూసే ఉంటుందిలే అనుకుని సంతకం పెట్టాను. ఆ తప్పు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

తర్వాత మన తీరంలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. 2010లో ఇండోనేషియా బొగ్గు ధరల నియమాలు మార్చేసరికి 3,960 మెగావాట్ల కృష్ణపట్నం అల్ట్రా మెగా ప్రాజెక్టు ఆగిపోయింది. తమ్మినపట్నం దగ్గర రెండు థర్మల్ ప్లాంట్లు దివాలా ప్రక్రియలో చేతులు మారాయి. బ్యాంకులు తమకు రావాల్సిన బాకీలో చాలా భాగం వదులుకున్నాయి. థర్మల్ ప్లాంటు నాలుగైదేళ్లలో లేచేది, దాని లెక్కలు మాకు బాగా అలవాటైనవి. అక్కడే ఇలా తప్పితే, ఇంతకు మించిన కాలం పట్టే అణు కేంద్రం ఫైలును ఇంకెంత జాగ్రత్తగా చూడాలి?

అపోహ: అణు ప్రాజెక్టులు ఆలస్యం అయ్యేది ఉద్యమాల వల్లే.

నా సహోద్యోగుల్లో చాలామంది ఈ మాట నమ్ముతారు. అందుకే దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను.

తమిళనాడులోని కూడంకుళం అణు కేంద్రంలో మొదటి రెండు రియాక్టర్ల పని 2002లో మొదలైంది. మొదటిది 2007 చివరికి కరెంటు ఇవ్వాలి. పక్కనున్న జాలర్ల ఊరు ఇడింతకరై జనం పెద్ద ఎత్తున నిరాహార దీక్షలకు కూర్చున్నది 2011లో. అంటే దీక్షలు మొదలయ్యేనాటికే గడువు దాటి మూడేళ్లకు పైగా అయింది. నిరసనల వల్ల పని ఆగింది కొన్ని నెలలు. వాణిజ్య ఉత్పత్తి మొదలైంది 2014 డిసెంబరు 31న. 13,171 కోట్ల అంచనా 22,462 కోట్లకు చేరింది. ఏడేళ్ల ఆలస్యాన్ని జాలర్ల నెత్తిన రుద్దితే లెక్క కుదరదు.

ఉద్యమాలు పెద్దగా లేనిచోట ఏమైంది? ఫిన్లాండ్‌లో ఓల్కిలువోటో మూడో రియాక్టరు 2005లో మొదలై 2009కి అయిపోవాలి. 2023 ఏప్రిల్‌కి గానీ పూర్తిస్థాయి ఉత్పత్తికి రాలేదు. ధర ముందే ఖాయం చేసుకున్న కాంట్రాక్టు కావడంతో ఆ నష్టం రియాక్టరు కట్టిన ఫ్రెంచి కంపెనీ అరేవాని ముంచింది, దాన్ని ఫ్రాన్స్ ప్రభుత్వం నిలబెట్టాల్సి వచ్చింది. ఫ్రాన్స్‌లోనే ఫ్లామన్‌విల్ రియాక్టరు 2007లో మొదలైంది. అప్పటి అంచనా 330 కోట్ల యూరోలు. 2024 డిసెంబరులో గ్రిడ్‌కి కలిసేనాటికి 1,320 కోట్ల యూరోలు. అమెరికాలో వోగ్టిల్ రెండు రియాక్టర్లకు 1,400 కోట్ల డాలర్లు అనుకున్నారు, 3,000 కోట్లు దాటింది.

ఎందుకింత పెరుగుతుంది? సిమెంటు, ఇనుము, డిజైన్ మార్పులు, వెల్డింగ్ తనిఖీలు, అన్నీ ఉంటాయి. కానీ బ్యాంకు వాడికి కనబడేది నిర్మాణ కాలపు వడ్డీ. దాన్ని మా ఫైళ్లలో ఐడీసీ అంటాం. ప్లాంటు కరెంటు అమ్మేదాకా కంపెనీకి ఆదాయం ఉండదు కాబట్టి ఆ వడ్డీని కూడా అప్పులోనే కలుపుతారు. నెల్లూరు బజారు భాషలో చెబుతాను. నూటికి నెలకు ముప్పావలా వడ్డీ అంటే ఏడాదికి 9 శాతం. ఈ రోజు నూరు రూపాయలు తెచ్చి, పైసా కట్టకుండా ఏటా వడ్డీని అసలులో కలుపుకుంటూ పోతే ఎనిమిదేళ్లకి దాదాపు రెండు వందలు. అప్పటికి గుంటలో ఇంకా రొయ్య పడలేదు, ఏరేటర్ తిరగలేదు. అలాంటి గుంటకి నేను లోను రాయగలనా? మన దేశంలో ప్రభుత్వ అణు విద్యుత్ సంస్థ ఎన్‌పీసీఐఎల్ ప్రాజెక్టుల ఖర్చులో నూటికి 70 వంతు అప్పే. అందుకే ఏడాది ఆలస్యమంటే యూనిట్ ధర మీద నేరుగా పడుతుంది.

అపోహ: ప్రభుత్వ గ్యారంటీ ఉంటే రిస్కు లేనట్టే.

గ్యారంటీ ఉంటే బ్యాంకుకి రిస్కు తగ్గుతుంది. రిస్కు మాత్రం ఎక్కడికీ పోదు, మోసేవాడు మారతాడు. అమెరికాలోని సౌత్ కరోలైనాలో వి.సి. సమ్మర్ అనే చోట రెండు రియాక్టర్లు మొదలుపెట్టారు. కట్టక ముందే ఖర్చును కరెంటు బిల్లుల్లో వసూలు చేసుకోవడానికి 2007లో అక్కడ చట్టం చేశారు. 2017 మార్చిలో రియాక్టర్ల కంపెనీ వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది. జూలైలో పని వదిలేశారు. అప్పటికి దాదాపు 900 కోట్ల డాలర్లు అయిపోయాయి, ఒక్క యూనిట్ కరెంటు రాలేదు, జనం బిల్లులు కడుతూనే ఉన్నారు. మన శ్రీకాకుళం జిల్లా కొవ్వాడకు అనుకుంటున్నవి కూడా ఆ వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లే.

కాబట్టి పడవ పెద్దాయనకి నా జవాబు ఇది: జామీనుదారులు మనమే. మనల్ని అడక్కుండా మన సంతకం పెట్టేసినట్టు.

అపోహ: ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ చూసుకుంటుంది.

ఒక పని చేయండి. బీరువాలో ఉన్న మీ ఇంటి ఫైర్ పాలసీనో, బండి పాలసీనో తీసి 'వర్తించనివి' అన్న పేజీ చూడండి. యుద్ధం వల్ల వచ్చే నష్టంతో పాటు అణు ధార్మికత వల్ల వచ్చే నష్టాన్ని కూడా మినహాయించి ఉంటారు. ఏ కంపెనీ పాలసీలోనైనా మీకు ఆ వాక్యం కనిపిస్తుంది. నష్టాల్ని లెక్కకట్టడమే వృత్తిగా ఉన్నవాళ్లు ఈ ఒక్కదాన్ని మాకొద్దన్నారు.

మరి కేంద్రం నడిపేవాళ్ల సంగతి? శాంతి చట్టానికి ముందున్న 2010 నాటి అణు నష్టపరిహార చట్టం నిర్వాహకుడి బాధ్యతను 1,500 కోట్ల రూపాయలకు పరిమితం చేసింది. ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ కలిసి 2015లో పెట్టిన నిధి కూడా అంతే. 2011 ఫుకుషిమా అణు ప్రమాదం ఖర్చును జపాన్ ప్రభుత్వం 2016లో 21.5 లక్షల కోట్ల యెన్‌లుగా అంచనా వేసింది. ఆ కేంద్రాన్ని నడిపిన టెప్కో అంత పెద్ద కంపెనీ కూడా దాన్ని మోయలేక 2012లోనే ప్రభుత్వం చేతికి వచ్చింది. అలాంటి ప్రమాదం అరుదు, నిజమే. కానీ అరుదైన నష్టాన్ని ఎవరు భరిస్తారో ముందే రాసుకోవడమే అప్పు పత్రం పని.

అపోహ: ఇదంతా సైన్సు తెలియని వాళ్ల భయం.

నేను అణు విద్యుత్‌కు వ్యతిరేకిని కాను. మన కైగా మొదటి రియాక్టరు 2018లో 962 రోజులు ఆగకుండా నడిచి ప్రపంచ రికార్డు సాధించింది. 2004 సునామీలో కల్పాక్కం పంపుహౌస్‌లోకి నీళ్లొచ్చినా రియాక్టరును క్షేమంగా ఆపారు. ఆ పని చేసినవాళ్లకి చేతులెత్తి నమస్కరిస్తాను.

నేను అడుగుతున్నది కేంద్రం కట్టే స్థలం, దాని డిజైన్, దాని ఖర్చు గురించి. బల్గేరియాలో డాన్యూబ్ నది ఒడ్డున బెలెనె అనే చోట రష్యన్ రియాక్టర్లు కట్టాలనుకున్నారు. 1977 భూకంపంలో అక్కడికి దగ్గర్లోని స్విష్టోవ్ పట్టణంలో అపార్ట్‌మెంట్లు కూలి వంద మందికి పైగా చనిపోయారు. ఆ విషయం ఎత్తిన వాళ్లని సైన్సు తెలియనివాళ్లని ఎలా అంటాం? మనకూ 1967 మార్చిలో ఒంగోలు భూకంపం ఉంది, తీవ్రత 5.4. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు వైపు వరసగా భూమి కంపించి జనం బళ్లలోంచి, ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. అవి చిన్న ప్రకంపనలే. అయినా ఈ తీరానికి అప్పు ఫైలు వస్తే భూకంప అధ్యయనం ఎవరు చేశారు, దాన్ని బయటివాళ్లెవరైనా పరిశీలించారా అని మొదటి పేజీలోనే రాసి ఉండాలి.

అపోహ: మామూలు ఖాతాదారులు అడిగితే బ్యాంకు వింటుందా?

బెలెనె విషయంలో విన్నాయి. 2006లో జర్మనీ ఖాతాదారులు బ్రాంచిల ముందు నిలబడ్డారు, ఉత్తరాలు రాశారు. ఆ అక్టోబరులో జర్మనీ బ్యాంకులు డాయిష్ బ్యాంక్, హెచ్‌వీబీ ఆ అప్పు నుంచి తప్పుకున్నాయి. తర్వాత వచ్చిన ఫ్రాన్స్ బ్యాంకు బీఎన్‌పీ పారిబా కూడా నిలవలేదు. 2009లో జర్మనీ కరెంటు కంపెనీ ఆర్‌డబ్ల్యూఈ వాటా వదులుకుంది. 2012లో ప్రభుత్వమే ప్రాజెక్టును రద్దు చేసింది.

ఒకటి దాచకుండా చెప్పాలి. రద్దు చేసేనాటికి కొన్ని పరికరాలకు ఆర్డర్లు వెళ్లిపోయాయి. మధ్యవర్తిత్వ తీర్పు ప్రకారం బల్గేరియా 60 కోట్ల యూరోలకు పైగా రష్యా కంపెనీకి కట్టాల్సి వచ్చింది. ఆ భారమూ జనం మీదే. అందుకే ప్రశ్న సాంక్షన్‌కు ముందు అడగాలి. తొలి విడత డబ్బు విడుదలైతే బ్యాంకు కూడా ఇరుక్కుంటుంది, ఆ తర్వాత ఆపడం కంటే సాగదీయడమే దానికి సులువు.

బ్యాంకులు మనసు మార్చుకోవడం రెండు వైపులా జరుగుతుంది. 1959లో ఇటలీకి ఇచ్చిన అప్పు తర్వాత ప్రపంచ బ్యాంకు అణు కేంద్రాలకు డబ్బివ్వలేదు. 2025 జూన్‌లో ఆ నిషేధం ఎత్తేసింది.

అపోహ: ప్రాజెక్టు మునిగితే మన ఫిక్స్‌డ్ డిపాజిట్లు పోతాయి.

ఇది వ్యతిరేకించేవాళ్ల వైపు నుంచి వినే మాట. తప్పు. దయచేసి ఇలా చెప్పి జనాన్ని టెన్షన్ పెట్టకండి. ఒక్క అప్పు మునిగితే మీ ఎఫ్‌డీ పోదు. పైగా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి ఐదు లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది. మొండి బాకీలు పెరిగితే ప్రభుత్వ బ్యాంకుల్లో బడ్జెట్ డబ్బు పోస్తారు. 2017 అక్టోబరులో 2.11 లక్షల కోట్ల సాయం ప్రకటించింది అందుకే. నష్టం పాస్‌బుక్‌లో కనబడదు, పన్నుల్లో ఉంటుంది.

మరి ఏం చేయాలి?

మీ బ్రాంచి మేనేజరుకి ఒక ఉత్తరం, దాని కాపీ బ్యాంకు చైర్మన్‌కి. అణు ప్రాజెక్టులకు అప్పులిచ్చే విషయంలో మీ బ్యాంకుకు రాసిన విధానం ఉందా? ఆలస్యమైతే పెరిగే ఖర్చు ఎవరిది? భూకంప, సునామీ అధ్యయనాన్ని బయటి నిపుణులు చూశారా? వాడిన ఇంధనం ఎక్కడ పెడతారు, దాని ఖర్చు లెక్కలో కలిపారా? ఈ నాలుగూ చాలు. ప్రభుత్వ బ్యాంకైతే సమాచార హక్కు కింద కూడా అడగొచ్చు. ఫలానా కంపెనీ అప్పు వివరాలంటే వాణిజ్య రహస్యమని తిప్పి పంపుతారు. అందుకని విధానం కాపీ అడగండి. షేర్లున్నవాళ్లు వార్షిక సమావేశంలో అడగండి, అక్కడి జవాబు రికార్డవుతుంది.

రేపు ఇక్కడ ప్రాజెక్టు కదిలితే పర్యావరణ అనుమతికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేస్తుంది, కలెక్టరో ఆయన ప్రతినిధో నడుపుతారు. అక్కడ మాట్లాడితే సరిపోదు, రాసి ఇవ్వండి. బ్యాంకు తర్వాత చదివేది ఆ మినిట్సే. పెద్దాయనకి ఉత్తరం నేనే రాసి ఇచ్చాను. తన లోను ఖాతా నంబరు పైన వేయమన్నాడు, వేశాను. స్పీడ్ పోస్టులో వెళ్లింది, రసీదు ఆయన దగ్గరే ఉంది.