కిరాణా కొట్టుకు లైసెన్సు రాదు, సరుకు మాత్రం వస్తుంది

2025 అక్టోబరులో అన్నమయ్య జిల్లా ములకలచెరువు దగ్గర నకిలీ మద్యం తయారీ బయటపడ్డాక ఆంధ్రప్రదేశ్‌లో బెల్టు షాపుల (లైసెన్సు లేకుండా మద్యం అమ్మే కొట్ల) గొడవ మళ్లీ రాజుకుంది. సీసా మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాకే అమ్మాలని ప్రభుత్వం మద్యం షాపులకు నిబంధన పెట్టింది. పల్లెలో చాలామంది కొనేది ఆ షాపులో కాదు, వీధి చివరి కిరాణా కొట్టులో. అక్కడ స్కాన్ చేసేదెవరు?

దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం, 1995 మద్య నిషేధం, 1997లో దాని సడలింపు అందరికీ తెలిసినవే. ఇవాళ్టి తగాదా అర్థం కావాలంటే 2012 దగ్గర ఆగాలి.

అప్పటిదాకా షాపులకు వేలం. ఎక్కువ పాడినవాడిదే షాపు, పాడేది సిండికేట్లు, అంటే కుమ్మక్కైన వ్యాపారులు. 2011 చివర్లో ఏసీబీ దాడుల్లో ఆ సిండికేట్ల గుట్టు, వాళ్లు పంచిన మామూళ్ల లెక్క బయటికొచ్చాయి. దాంతో కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వం వేలం తీసేసి లాటరీ తెచ్చింది. జనాభాను బట్టి లైసెన్సు ఫీజు ఖరారు చేసి, దరఖాస్తు రుసుము తిరిగి ఇవ్వబోమంది. ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు అన్న మాట వినడానికి బాగానే ఉంది.

మధ్యలో 2019 నుంచి ఐదేళ్లు ప్రభుత్వమే షాపులు నడిపింది. 2024 అక్టోబరులో లాటరీ మళ్లీ వచ్చింది. 3,396 షాపులకు 89,882 దరఖాస్తులు. ఒక్కోదానికి 2 లక్షలు, షాపు రాకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. ఖజానాకు దాదాపు 1,798 కోట్లు చేరాయి. షాపు తగిలితే 10 వేల లోపు జనాభా ఉన్నచోట కూడా ఏడాదికి 50 లక్షల లైసెన్సు ఫీజు. ఉప్పూ పప్పూ అమ్ముకునే కొట్టువాడు ఈ దరఖాస్తు జోలికి ఎలా వెళ్తాడు? సరుకులతో పాటు ఒక అరలో మద్యం పెట్టుకోవడానికి చిన్న లైసెన్సు మన దగ్గర లేదు. 2022లో మహారాష్ట్ర పెద్ద దుకాణాల్లో వైన్ అమ్మకానికి ఒప్పుకున్నా, వ్యతిరేకత రావడంతో అది అమల్లోకి రాలేదు. ఇక్కడా రాకూడదనే నా అభిప్రాయం.

అయినా సరుకు కొట్టుకు చేరుతూనే ఉంది. అంత ఫీజు కట్టినవాడికి మండల కేంద్రంలో కౌంటరు అమ్మకం చాలదు. బైకు మీద సంచిలో క్వార్టర్లు ఊళ్లకు వెళ్తాయి. బియ్యం బస్తాల వెనక ఒక అట్టపెట్టె, ఎంఆర్‌పీ మీద 20, 30 రూపాయలు ఎక్కువ. మార్జిన్ 20 శాతం అని చెప్పి అంత ఇవ్వలేదని లైసెన్సుదారులు వాపోయారు. అంతకంటే తక్కువ ఇస్తున్న ప్రభుత్వం తర్వాత దాన్ని 14 శాతానికి పెంచింది.

ఆడవాళ్లు చెప్పేది వేరు. షాపు పొద్దున 10కి తెరిచి రాత్రి 10కి మూస్తారు, కొట్టుకు ఆ వేళలు లేవు. తెల్లారి కూలికి బయల్దేరే మగవాడికి దారిలోనే దొరుకుతుంది. చేతిలో డబ్బు లేకపోతే అరువు. పాలు, నూనె రాసే ఖాతా పుస్తకంలోనే మందు పద్దు కూడా పడుతుంది. వారం చివర ఆ పద్దు తీర్చాల్సింది ఇంటావిడ. ఎదురు మాట్లాడితే రేపటి సరుకులకు అరువు పుట్టదు. ఊరి బయట వైన్ షాపుకు, ఇంటి పక్క కొట్టుకు తేడా ఇదే.

2014లో చంద్రబాబు తొలి సంతకాల్లో బెల్టు షాపుల రద్దు ఒకటి. 43 వేల బెల్టు షాపులు తీసేశామని జగన్ ప్రభుత్వం చెప్పుకుంది. ఇప్పుడు బెల్టుకు సరుకిచ్చే లైసెన్సుదారుకు మొదటిసారి 5 లక్షల జరిమానా, మళ్లీ చేస్తే లైసెన్సు రద్దు అంటున్నారు. దాడి జరిగినప్పుడు మాత్రం ఎక్సైజ్ చట్టం సెక్షన్ 34(ఎ) కింద కేసు కట్టేది కొట్టువాడి మీద. పట్టుకున్న సీసా డిపో నుంచి ఏ షాపుకు వెళ్లిందో దాని మీది కోడ్ చెబుతుంది. ఆ షాపు లైసెన్సుదారు పేరు కూడా అదే ఎఫ్ఐఆర్‌లో రాయాలి. అధికారులు ముందు జవాబు చెప్పాల్సింది దీని గురించే.