రాయ్ కృష్ణ గోల్స్ వెనుక నూరేళ్లు దాటిన ఫిజీ కథ

2026 జనవరిలో ఓషియానియా (న్యూజిలాండ్, పసిఫిక్ దీవుల) ఫుట్‌బాల్ సమాఖ్య తన చరిత్రలో తొలి ప్రొఫెషనల్ లీగ్‌ను మొదలుపెట్టింది. ఎనిమిది క్లబ్బులున్న ఆ లీగ్‌లో ఫిజీ తరఫున బులా ఎఫ్‌సీ బరిలోకి దిగింది. పసిఫిక్ దీవుల కుర్రాడికి సొంత ప్రాంతంలోనే ఆటకు జీతం దొరికే ఏర్పాటు ఇన్నాళ్లకు కుదిరింది. ఫిజీ తరఫున అత్యధిక అంతర్జాతీయ గోల్స్ కొట్టిన రాయ్ కృష్ణకు అప్పటికి 38 ఏళ్లు నిండిపోయాయి. ఆటనే బతుకుదెరువు చేసుకోవాలనుకున్న నాడు ఆయన ముందున్న దారి ఒక్కటే, దేశం దాటడం. ఆ దారి ఎందుకంత ఇరుకుగా ఉండేదో తెలియాలంటే బ్రిటిష్ వారి చెరకు తోటల దాకా వెళ్లాలి.

కృష్ణ పుట్టిన ఊరు లంబాసా. ఫిజీలో రెండో పెద్ద దీవి వనువా లెవులో ఉంది. ఊరి బతుకంతా చెరకు చుట్టూనే తిరిగేది. ఆస్ట్రేలియాకు చెందిన కొలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ 1894లో అక్కడ చక్కెర మిల్లు తెరిచింది. మిల్లుకు చెరకు కావాలి, చెరకు నరకడానికి మనుషులు కావాలి. ఆ మనుషులు భారతదేశం నుంచి వచ్చారు. 1879 మే 14న లియోనిడాస్ అనే ఓడ కలకత్తా నుంచి తొలి విడత కూలీలను ఫిజీ తీరానికి చేర్చింది. 1916 దాకా అలా ఐదేళ్ల గిర్మిట్ ఒప్పందం మీద వేలిముద్ర వేసి వెళ్లినవాళ్లు అరవై వేల పైచిలుకు. 1903 నుంచి మద్రాసు రేవులో కూడా ఓడలెక్కించారు. దక్షిణాది నుంచి వెళ్లిన సుమారు పదిహేను వేల మందిలో విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లూ ఉన్నారు. వాళ్ల పిల్లలు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. ఇంట్లో తెలుగు పోయి ఫిజీ హిందీ వచ్చినా ఆ సంగం నడుపుతున్న బడులు ఇప్పటికీ ఉన్నాయి.

వలస పాలకులు స్థానిక ఫిజియన్లను తమ ఊళ్లలో, తమ పెద్దల పెత్తనం కింద ఉంచారు. భారతీయులను తోటల్లో కూలీ లైన్లలో ఉంచారు. ఇద్దరూ కలిసే చోట్లు తక్కువ. ఆటలు కూడా ఆ గీత ప్రకారమే చీలాయి. రగ్బీ స్థానికుల ఆట అయింది, ఫుట్‌బాల్ భారతీయుల ఆట అయింది. ఒక బంతి, కోత కోసిన ఖాళీ పొలం ఉంటే ఆట సాగిపోయేది. 1938లో ఏర్పడిన సంఘం పేరే ఫిజీ ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్. అదే ఏడాది అంతర్ జిల్లా టోర్నీ మొదలైంది. దాన్నే అక్కడ ఐడీసీ అంటారు. అన్ని జాతుల వాళ్లకూ ఈ సంఘం తలుపులు తెరిచింది 1960ల మొదట్లోనే. అప్పటినుంచి జట్లలో రెండు జాతుల పేర్లూ పక్కపక్కనే కనిపిస్తాయి. బా, రేవా, సువా, లంబాసా జిల్లా జట్ల అభిమానుల మధ్య పోటీ చూస్తే ఇది అమెచ్యూర్ ఆటంటే నమ్మబుద్ధి కాదు. కానీ జీతం ఉండేది కాదు. దేశమంతా కలిపితే తొమ్మిది లక్షల జనాభా. టీవీ హక్కులకు, టికెట్లకు వచ్చే డబ్బుతో ప్రొఫెషనల్ క్లబ్బులు నడపడం కుదిరే పని కాదు.

కృష్ణ పుట్టిన ఏడాదే వేరు. 1987 మే 14న, అంటే లియోనిడాస్ వచ్చిన రోజుకు సరిగ్గా 108 ఏళ్లకు, కర్నల్ రబుకా సైనిక తిరుగుబాటు చేశాడు. భారతీయుల మద్దతుతో గెలిచిన ప్రభుత్వాన్ని కూలదోశాడు. సెప్టెంబరులో రెండోసారి తిరుగుబాటు. ఆ రెండింటి నడుమ ఆగస్టు 30న కృష్ణ పుట్టాడు. తరువాతి ఏళ్లలో చదువుకున్నవాళ్లు, డబ్బున్నవాళ్లు ఆక్లాండ్‌కు, సిడ్నీకి వెళ్లిపోయారు. 1997 నుంచి చెరకు భూముల ముప్పై ఏళ్ల కౌలు గడువులు తీరడం మొదలై చాలా కుటుంబాలు పొలాలు వదులుకున్నాయి. 2000లో మళ్లీ తిరుగుబాటు. ఒకప్పుడు జనాభాలో దాదాపు సగం ఉన్న భారత సంతతి మూడో వంతు దగ్గరికి పడిపోయింది. కృష్ణను వలస ఆటగాడు అంటున్నప్పుడు ఇదంతా గుర్తుంచుకోవాలి. ఫుట్‌బాల్ లేకపోయినా ఆ తరం కుర్రాళ్లలో చాలామంది విమానం ఎక్కినవాళ్లే.

ఆయన లంబాసా జట్టుకు ఆడుతూ న్యూజిలాండ్ క్లబ్ వైటాకెరె యునైటెడ్‌లో చేరాడు. 2008 నవంబరులో లౌటోకాలో ఫిజీ 2-0తో న్యూజిలాండ్‌ను ఓడించింది. రెండు గోల్సూ 21 ఏళ్ల కృష్ణవే. యూరప్‌లోనో దక్షిణ అమెరికాలోనో ఇలాంటి మ్యాచ్ ఆడిన కుర్రాడికి మర్నాడే పెద్ద క్లబ్బుల నుంచి ఫోన్లు వస్తాయి. కృష్ణ మాత్రం ఇంకా ఐదేళ్లు న్యూజిలాండ్ సెమీ ప్రొఫెషనల్ లీగ్‌లోనే గోల్స్ కొడుతూ గడిపాడు. ఓషియానియాలో ఆటగాళ్లను వెతికే స్కౌట్లు అరుదు. ఆస్ట్రేలియా కూడా 2006లో ఆసియా సమాఖ్యకు మారిపోవడంతో గట్టి పోటీ ఇంకా తగ్గింది. నా దృష్టిలో ఆయన కెరీర్‌లో అతి పెద్ద నష్టం ఆ ఐదేళ్లే. స్ట్రైకర్‌కు 21 నుంచి 26 దాకా వయసు మళ్లీ రాదు.

చివరికి తలుపు తీసింది క్లబ్ వరల్డ్ కప్. 2013 డిసెంబరులో మొరాకోలో ఆక్లాండ్ సిటీ తరఫున రాజా కసబ్లాంకాపై గోల్ కొట్టాడు. ఆక్లాండ్ 1-2తో ఓడింది. కొద్ది వారాలకే వెల్లింగ్టన్ ఫీనిక్స్‌లో చోటు దొరికింది. న్యూజిలాండ్ క్లబ్ అయినా అది ఆడేది ఆస్ట్రేలియా లీగ్‌లో.

2016 రియో ఒలింపిక్స్‌కు ఫిజీ వెళ్లడం కూడా పక్కదారిలోనే జరిగింది. అర్హత పోటీగా సాగిన పసిఫిక్ క్రీడల్లో అనర్హుడైన ఆటగాణ్ని దింపినందుకు న్యూజిలాండ్ వేటుకు గురైంది. ఫైనల్లో వనువాటూను పెనాల్టీల్లో ఓడించి ఫిజీ బెర్తు పట్టింది. రియోలో దక్షిణ కొరియా చేతిలో 0-8, జర్మనీ చేతిలో 0-10. మధ్యలో సాల్వడార్‌లో మెక్సికోతో మ్యాచ్. మెక్సికో అప్పటి ఒలింపిక్ చాంపియన్. పదో నిమిషంలో కెప్టెన్ కృష్ణ తలతో బంతిని వలలోకి పంపాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఫిజీకి అదొక్కటే గోల్. విరామానికి స్కోరు ఫిజీ 1, మెక్సికో 0. రెండో సగంలో మెక్సికో ఐదు కొట్టింది. అయినా జీతాలు లేని లీగ్‌లో ఆడే కుర్రాళ్లు బంగారు పతక విజేతలపై విరామం దాకా ఆధిక్యం నిలుపుకోవడం చిన్న విషయం కాదు. నాలుగు రోజులకే ఫిజీ రగ్బీ సెవెన్స్ జట్టు దేశానికి తొలి ఒలింపిక్ పతకం, అదీ స్వర్ణం, తెచ్చింది. ఆ సంబరంలో ఫుట్‌బాల్ గోల్ మరుగున పడింది.

2018-19లో 18 గోల్స్‌తో ఆస్ట్రేలియా లీగ్‌లో అత్యధిక గోల్స్‌కు ఇచ్చే గోల్డెన్ బూట్, ఉత్తమ ఆటగాడిగా జానీ వారెన్ మెడల్ రెండూ కృష్ణకే దక్కాయి. అప్పటికి 31 ఏళ్లు. ఆ వెంటనే కోల్‌కతా క్లబ్ ఏటీకే పిలిచింది. వెల్లింగ్టన్‌లో తోడు ఆడిన డేవిడ్ విలియమ్స్ కూడా కలిసి వచ్చాడు. తొలి సీజన్‌లోనే 15 గోల్స్, ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) టైటిల్. మరుసటి ఏడు ఏటీకే మోహన్ బగాన్ చొక్కాలో 14. ఊరి ప్రత్యర్థి ఈస్ట్ బెంగాల్‌తో జరిగిన తొలి ఐఎస్‌ఎల్ డెర్బీలో మొదటి గోల్ కూడా ఆయనదే. గోల్డెన్ బూట్ త్రుటిలో తప్పినా సీజన్ ఉత్తమ ఆటగాడిగా గోల్డెన్ బాల్ అందుకున్నాడు.

మన హైదరాబాద్ అభిమానులకు ఈ పేరు బాగానే గుర్తుండాలి. 2022 సెమీఫైనల్లో హైదరాబాద్ ఎఫ్‌సీ మీద రెండు అంచెల్లోనూ గోల్ కొట్టిన మోహన్ బగాన్ ఆటగాడు కృష్ణ ఒక్కడే. మొత్తమ్మీద 3-2తో హైదరాబాద్ గట్టెక్కి, ఆ తర్వాత కప్పు కూడా గెలిచింది. అటుపై కృష్ణ బెంగళూరుతో డ్యూరాండ్ కప్ గెలిచాడు, ఒడిశా తరఫున 36 ఏళ్ల వయసులో ఒకే సీజన్‌లో 13 గోల్స్ కొట్టాడు.

ఈలోగా ఫిజీ పరిస్థితి? 2026 ప్రపంచకప్‌కు ఓషియానియాకు తొలిసారి నేరుగా ఒక బెర్తు ఇచ్చారు. 2025 మార్చిలో సెమీఫైనల్లో ఫిజీ, న్యూజిలాండ్ చేతిలో 0-7తో ఓడింది. న్యూజిలాండ్ స్ట్రైకర్ క్రిస్ వుడ్ హ్యాట్రిక్ చేశాడు. న్యూజిలాండ్ జట్టులో చాలామంది విదేశాల్లో జీతం తీసుకుని ఏడాది పొడవునా ఆడేవాళ్లు. 2008లో లౌటోకాలో 2-0 గెలిచిన దేశం ఇంత వెనకబడటానికి ప్రతిభ లేకపోవడం కారణం కాదు. బులా ఎఫ్‌సీలో ఇప్పుడు చేరే పద్దెనిమిదేళ్ల కుర్రాడికి నెల జీతం, ఫిజియో, వారం వారం గట్టి మ్యాచ్ దొరికితే కృష్ణ పోగొట్టుకున్న ఐదేళ్లు అతనికి మిగులుతాయి.