గోడ చాటున ఉంటే బుల్లెట్ తగలదా?

సినిమాల్లో హీరో సోఫా వెనక్కి దూకితే చాలు బుల్లెట్లన్నీ ఆగిపోతాయి, కారు డోరు అడ్డం పెట్టుకున్నా అంతే. నిజానికి సోఫాలో ఉండేది ఫోమ్, పల్చటి చెక్క, ఇక డోరు రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, పిస్టల్ బుల్లెట్ కూడా చాలాసార్లు అవతలికి వెళ్ళిపోతుంది. ఇది ప్రాణాలకి సంబంధించిన విషయం, అందుకే రాస్తున్నా.

9 ఎంఎం పిస్టల్ బుల్లెట్ దాదాపు 8 గ్రాములు, వేగం సెకనుకి 350 మీటర్లు. ఏకే-47 బుల్లెట్ బరువు కూడా ఇంచుమించు అంతే, కానీ వేగం 700 మీటర్లు దాటుతుంది, వేగం రెట్టింపైతే ఎనర్జీ నాలుగింతలు కదా, 500 జౌల్స్ కాస్తా 2000 అయిపోతుంది. కాబట్టి ఏ తుపాకీయో చెప్పకుండా గోడ ఆపుతుందా లేదా అని చెప్పలేం.

అమెరికాలో మనవాళ్ళుండే ఇళ్ళు ఎక్కువగా చెక్క ఫ్రేమ్ మీద కట్టినవి, లోపలి గోడ అంటే రెండు వైపులా అరంగుళం జిప్సం బోర్డు, మధ్యలో ఖాళీ. పిస్టల్ బుల్లెట్ అలాంటి గోడలు వరసగా మూడు నాలుగు దాటేస్తుంది. హాలో పాయింట్ బుల్లెట్ విచ్చుకుని త్వరగా ఆగిపోతుంది అనుకుంటారు గానీ, దాని మొనలో ఉండే గుంట జిప్సంతో పూడుకుపోతే అది విచ్చుకోదు, మామూలు బుల్లెట్‌లాగే ముందుకు పోతుంది. డాలస్ వైపు బయట ఇటుకతో కనిపించే ఇళ్ళలో కూడా ఆ ఇటుక ఒక్క వరసే, లోపలంతా మళ్ళీ అదే బోర్డు.

మన తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక గోడ సంగతి వేరు, పిస్టల్ బుల్లెట్ అందులోనే ఆగిపోతుంది. రైఫిల్ దెబ్బకి ఇటుక పెచ్చులు ఊడతాయి. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో జనం మీద .303 రైఫిళ్ళతో 1650 రౌండ్లు కాల్చారు, ఆ గుంటలు ఇటుక గోడల మీద ఇప్పటికీ ఉన్నాయి, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఇప్పుడు హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో వాడే ఏఏసీ బ్లాకు (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంట్ బ్లాకు) సాంద్రత ఎర్ర ఇటుకలో మూడో వంతే, బుల్లెట్‌కి ఎదురయ్యే బరువు అంత తక్కువన్నమాట, కాబట్టి మందం ఒకటే కదా అని రెండింటినీ ఒకేలా చూడకూడదు.

హాలో సిమెంట్ బ్లాకు పిస్టల్‌కి బాగానే తట్టుకుంటుంది, రైఫిల్‌కి పగులుతుంది, అందులో బొక్కలు కాంక్రీటుతో నింపితే చాలా బలం వస్తుంది. ఎంత గట్టి కాంక్రీటైనా ఒకే చోట మళ్ళీ మళ్ళీ తగిలితే కొంచెం కొంచెంగా ఊడిపోతూ చివరికి బెజ్జం పడుతుంది.

నన్ను బాగా ఆశ్చర్యపరిచేది ఇసుక. దగ్గర నుంచి పేల్చిన రైఫిల్ బుల్లెట్ ఎక్కువ వేగంతో ఇసుకలోకి దిగగానే తిరగబడి ముక్కలైపోతుంది, అదే కాస్త దూరం నుంచి వేగం తగ్గి వచ్చినది ముక్కలవ్వకుండా ఇంకా లోతుకి పోతుంది! తడి ఇసుక కన్నా పొడి ఇసుక నయం, ఎందుకంటే రేణువులు ఒకదానికొకటి బాగా రాసుకుంటాయి. పైగా బుల్లెట్ చేసిన దారి పక్కనున్న ఇసుక జారి దానంతటదే పూడిపోతుంది, ఇటుకకీ కాంక్రీటుకీ అది కుదరదు. కాకపోతే బస్తా గుడ్డ చిరిగిపోయి ఇసుక కారిపోతుంది, అందుకని ఇసుక బస్తాలతో కట్టిన గోడని కాల్పుల తర్వాత చూసుకుని చిరిగినవి మార్చాల్సిందే.