ఇంజన్ దించమని చెప్పే ముందు

ఒరే చిన్నోడా, అమ్మాయీ,

మొన్న రాత్రి చిన్నోడు ఫోన్ చేసి "పెదనాన్నా, ఇంజన్ పోయిందంట, దించి బోర్ చేయించాలంట, 9 వేల దాకా అవుతుందంట" అని ఒక్క గుక్కలో మూడు అంటలు చెప్పాడు. ఆ మూడింట్లో నీ కంటితో నువ్వు చూసింది ఒక్కటీ లేదు. నేను ఫోన్లో ఏదో చెప్పబోతే హారన్ల మోతలో సగం పోయింది, అందుకే ఇలా తీరిగ్గా రాస్తున్నాను. అమ్మాయికి కూడా పంపుతున్నా, స్కూటీ నడిపేవాళ్ళకీ పనికొచ్చే సంగతే.

ముందు నా తెలివి గురించి చెప్పాలి. 1996లో నేను ఒక వంద సీసీ బండి కొన్నాను. రెండేళ్ళు బ్రహ్మాండంగా నడిచింది. తరవాత ఒక వానాకాలం నుంచి ఓ వింత జబ్బు పట్టుకుంది, ఇంటి దగ్గర ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతుంది, ఆరేడు కిలోమీటర్లు వెళ్ళాక గుక్కతిప్పుకోలేనట్టు దగ్గి ఆగిపోతుంది, పక్కన పెట్టి పావుగంట కూర్చుంటే మళ్ళీ ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. మా ఊరి మెకానిక్ విని "వేడెక్కితే పట్టేస్తోంది సార్, పిస్టన్ అరిగింది" అన్నాడు. నేను సరే అన్నాను. ఇంజన్ దించాడు, బోర్ చేయించాడు, అంటే అరిగిన సిలిండర్ లోపలి గోడని కాస్త వెడల్పుగా చెక్కించాడు, దానికి సరిపోయేలా ఓవర్ సైజు పిస్టన్ వేశాడు, ఆ నెల జీతంలో పెద్ద ముక్కే పోయింది. తెచ్చుకున్న మూడో రోజే అదే చోట, అదే చింతచెట్టు కింద బండి ఆగింది. దగ్గర్లోని పెట్రోల్ బంకు దాకా తోసుకెళితే అక్కడి కుర్రాడు పెట్రోల్ పోయడానికి ట్యాంకు మూత తీశాడు, 'స్స్‌స్' మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు. మూతకి ఒక సన్నటి గాలి రంధ్రం ఉంటుంది, పెట్రోల్ కిందికి దిగేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి వెళ్ళాలి, లేకపోతే పెట్రోల్ దిగదు. ఆ రంధ్రం ఎవరు మూశారంటే, నేనే. ట్యాంకులోకి వాన నీళ్ళు పోతున్నాయని మూత కింద పాలిథీన్ కవరు ముక్క పెట్టి బిగించింది నేనే. మీ పెద్దమ్మ ఇప్పటికీ ఇంట్లో ఏ కవరు కనపడినా నన్నోసారి చూస్తుంది.

మెకానిక్ మోసం చేశాడని అనను. ఆయన ఊహించాడు, నేను అడగలేదు, అంతే జరిగింది. 'ఇంజన్ పోయింది' అని ఎవరన్నా చెప్తే రెండే ప్రశ్నలు వెయ్యి. లోపల ఏ భాగం పోయింది? అది పోయిందని ఎలా తెలిసింది? మంచి మెకానిక్ ఈ ప్రశ్నలకి విసుక్కోడు, నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్ చూపిస్తాడు, కింద నేను చెప్పే బొటనవేలి పరీక్ష నీచేతే చేయిస్తాడు. "అనుభవం సార్, శబ్దం వింటేనే తెలిసిపోద్ది" అని ఊరుకుంటే మాత్రం బండి తాళం జేబులో వేసుకుని వచ్చెయ్.

ఇంజన్ కి కావలసినవి మూడే: గాలి కలిసిన పెట్రోల్, దాన్ని నొక్కిపెట్టే బిగువు, సరైన క్షణంలో నిప్పురవ్వ. సిలిండర్ అనే గొట్టం, దాంట్లో ముందుకీ వెనక్కీ ఆడే పిస్టన్, దాని చుట్టూ సందు మూసే రింగులు, గాలి రాకపోకలకి తలుపుల్లాంటి వాల్వులు ఇవన్నీ రెండో దానికి సంబంధించినవి, ఖర్చంతా అక్కడే. మొదటిదీ మూడోదీ ఎక్కువగా వందల్లో తేలిపోతాయి. అందుకే చౌక వైపు నుంచి మొదలుపెట్టి ఖరీదు వైపు వెళ్ళాలి, మనవాళ్ళు తరచుగా తిరగేసి మొదలుపెడతారు.

నువ్వు చెప్పిన లక్షణాలు మూడు: పికప్ లేదు, మైలేజీ 60 నుంచి 42కి పడింది, పొద్దున్నే కాస్త పొగ. మొదటి రెండింటికీ అసలు ఇంజన్ ని ముట్టుకోకుండానే కారణాలు వెతకొచ్చు. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పు, గేరు న్యూట్రల్ లో ఉంచి. తేలిగ్గా తిరగాలి. బరువుగా తిరిగి వెంటనే ఆగిపోతే బ్రేకు పట్టేస్తోంది, లేదా చైన్ మరీ బిగుతుగా ఉంది. టైర్లలో గాలి చూడు. తరవాత ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో 40లో వెళుతూ ఒక్కసారి యాక్సిలరేటర్ బాగా తిప్పు. ఇంజన్ మోత పెరిగి బండి మాత్రం అక్కడే ఉంటే క్లచ్ జారుతోంది, ఆ బలం చక్రానికి చేరట్లేదు. కేబుల్ మరీ బిగుతుగా పెట్టినా ఇదే జరుగుతుంది, అప్పుడు ఒక స్పానర్ తిప్పితే సరి. ప్లేట్లు అరిగినా అది ఇంజన్ బోర్ కంటే చాలా చిన్న ఖర్చు. ఈ క్లచ్ జారడాన్ని 'ఇంజన్ బలం తగ్గింది' అని పొరబడి పిస్టన్లు మార్పించుకున్నవాళ్ళని నా 31 ఏళ్ళ గ్యారేజీ ఉద్యోగంలో బోలెడు మందిని చూశాను. అమ్మాయీ, నీ స్కూటీలో గేర్ల పని బెల్టూ రోలర్లూ చేస్తాయి, క్లచ్ కూడా వాటి పక్కనే ఉంటుంది, పికప్ తగ్గితే ముందు ఆ పక్క మూత తీయించి బెల్టు చూపించమను.

ఎయిర్ ఫిల్టర్ విప్పు. మా పక్కింటాయన బండి నల్లపొగ కక్కుతోందంటే విప్పి చూశాను, ఎలుక లోపల గుడ్డపీలికలూ కొబ్బరి పీచూ తెచ్చి పురిటిగది కట్టుకుంది. ఎలుకల బాధకి ఇల్లు తగలబెట్టుకోవడం అనేది సామెతే అనుకున్నాను, ఆయన అప్పటికే గాలీ పెట్రోలూ కలిపే కార్బొరేటర్ కొత్తది కొనేశాడు.

ఇక ప్లగ్. ఇది ఇంజన్ జాతకం, వంద రూపాయల వస్తువు అన్నీ చెప్పేస్తుంది. బండి పది కిలోమీటర్లు నడిపి, చల్లారనిచ్చి, ప్లగ్ విప్పి మొన చూడు. పాత ఇటుక రంగులో లేత గోధుమగా ఉంటే లోపల మంట బాగానే మండుతోంది. పొడిగా నల్లటి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ, అంటే ఫిల్టరో చోకో కార్బొరేటరో. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే పెట్రోల్ తక్కువ పోతోంది, ఎక్కడో గాలి దొంగతనంగా దూరుతుండొచ్చు. నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటేనే ఆయిల్ పైకి వస్తోందని అర్థం, అప్పుడే మెకానిక్ మాటకి కొంత విలువ.

పొగ సంగతి. చలి పొద్దున సైలెన్సర్ నుంచి వచ్చే తెల్లటి పొగ చాలాసార్లు వట్టి ఆవిరే, బారెడు దూరంలో మాయమైపోతుంది, వాసన ఉండదు. ఆయిల్ పొగ నీలంగా, బద్ధకంగా గాల్లో వేలాడుతుంది, మాడిన వాసన. అదైనా ఎప్పుడు వస్తోందో చూడాలి. రాత్రంతా నిలబెట్టాక స్టార్ట్ చెయ్యగానే ఒక్క బుస్సుమని వచ్చి తగ్గిపోతే అనుమానం వాల్వ్ సీళ్ళ మీద, అవి చిన్న రబ్బరు ముక్కలు, రాత్రి ఆయిల్ చుక్కలు వాటి పక్కనుంచి దిగుతాయి. యాక్సిలరేటర్ వదిలేసి వాలు దిగి, మళ్ళీ ఇచ్చినప్పుడు వచ్చినా అదే. ఇంజన్ వేడెక్కాక కూడా, యాక్సిలరేటర్ ఇచ్చిన ప్రతిసారీ వెనకవాడు కళ్ళు నులుముకునేలా వస్తుంటే అది రింగుల పని. సీళ్ళు మార్చడానికి బోర్ అక్కర్లేదు. చాలా వంద సీసీ బళ్ళలో సిలిండర్ దాదాపు పడుకుని ఉంటుంది, హెడ్డూ (సిలిండర్ కి మూతలాంటిది, వాల్వులు దాంట్లోనే ఉంటాయి) సిలిండరూ ఇంజన్ బండి మీద ఉండగానే విప్పొచ్చు. ఇంజన్ మొత్తం కిందికి దించాల్సింది క్రాంకూ (పిస్టన్ ఆటని తిరుగుడుగా మార్చే ఇరుసు) గేర్లూ పాడైనప్పుడు. అందుకే 'దించాలి' అన్న మాట వినగానే 'క్రాంకులో ఏమైంది?' అని అడుగు.

ఇప్పుడు అసలు పరీక్ష, బిగువుది. నీ బండికి కార్బొరేటరే ఉంది కాబట్టి ఇది ఇంట్లో చెయ్యొచ్చు. తాళం ఆఫ్ లో పెట్టు, ప్లగ్ తీసి దాని క్యాపు దూరంగా పెట్టు, చుట్టుపక్కల సిగరెట్టూ అగరొత్తీ ఏమీ ఉండకూడదు. ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు గట్టిగా పెట్టి ఎవరినైనా మెల్లగా కిక్ కొట్టమను. వేలిని 'టప్' మని తోసేస్తే బిగువుంది. ఊరికే ఊదినట్టుంటే లేదు. కొలిచి చూసే కంప్రెషన్ గేజ్ ఉన్న మెకానిక్ దొరికితే ఇంకా మంచిది, కానీ గేజ్ పెట్టినప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకోవాలి, లేకపోతే బాగున్న ఇంజన్ కూడా తక్కువ చూపిస్తుంది.

బిగువు లేదని తేలితే, ఒక చెంచా ఇంజన్ ఆయిల్ ఆ రంధ్రంలో పొయ్యి. మన బళ్ళ సిలిండర్ పడుకుని ఉంటుంది కాబట్టి ఆయిల్ కింది వైపే చేరుతుంది, నాలుగైదు సార్లు నెమ్మదిగా కిక్ తిప్పితే అంతా పాకుతుంది. మళ్ళీ వేలు పెట్టి చూడు. బిగువు పెరిగితే రింగుల సందులు ఆయిల్ తో మూసుకున్నాయన్నమాట, రోగం రింగుల్లో, సిలిండర్ లో ఉంది. పెరగకపోతే గాలి వాల్వుల నుంచో, హెడ్డుకీ సిలిండర్ కీ మధ్య ఉండే గాస్కెట్ నుంచో పోతోంది, అప్పుడు బోర్ చేయిస్తే నా పాలిథీన్ కథే. తరవాత స్టార్ట్ చేసినప్పుడు కాసేపు పొగ దండిగా వస్తుంది, కంగారుపడకు, నువ్వు పోసిన ఆయిలే.

వాల్వులని తేలినా వెంటనే హెడ్ విప్పనివ్వకు, ముందు టాపెట్లు, అంటే వాల్వుల్ని నొక్కి తెరిచే మీటల మొనలు, చూపించు. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండగా, టాపెట్ కీ వాల్వుకీ మధ్యలో, సందు కొలిచే పల్చటి ఫీలర్ గేజ్ ఆకు దూరేంత సందు ఉండాలి, ఎంత అనేది బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. సందు పెరిగితే 'టకటక' మని అరుస్తుంది, అందరికీ భయం, అందరూ బిగించమంటారు. కానీ నన్నడిగితే అరిచే టాపెట్ కంటే నోరు మూసుకున్న టాపెట్ తోనే ముప్పు. మరీ బిగిస్తే వేడికి వాల్వు పూర్తిగా మూసుకోదు, బిగువు పోతుంది, పికప్ పడుతుంది, వేడి మీద స్టార్ట్ కాదు, అలాగే తిప్పితే వాల్వు కాలుతుంది. నీ బండికి రెండు నెలల క్రితం సర్వీసింగ్ చేయించి "శబ్దం తగ్గించారు" అని సంబరపడ్డావు చూడు, నా అనుమానం దాని మీదే ఉంది.

శబ్దాల గురించి ఎక్కువ రాయను, కాగితం మీద వినపడవు. పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుంటే మోత ఎక్కడినుంచో కొంత తెలుస్తుంది. పైన సన్నగా టకటక అంటే టాపెట్లు, పక్కన గలగల అంటే వాల్వుల్ని నడిపే టైమింగ్ చైను, కింద బరువుగా గుభగుభ అంటే అది క్రాంకు, అప్పుడు బండి నడపడం మానెయ్. నెంబరు ప్లేటు వదులైనా మనుషులు క్రాంకు పోయిందనుకుంటారు, అది వేరే విషయం.

ఒక మినహాయింపు చెప్పాలి. 2020 ఏప్రిల్ నుంచి అమ్మే బీఎస్6 (పొగ కాలుష్యం తగ్గించే నియమం) బళ్ళలో దాదాపు అన్నిటికీ కార్బొరేటర్ బదులు కంప్యూటర్ లెక్క ప్రకారం పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ వచ్చింది, అమ్మాయి స్కూటీ అదే. దాంట్లో ఇంజన్ బొమ్మ లైటు వెలిగితే బండి కంప్యూటర్ లో తప్పుల్ని చదివే స్కానర్ పెట్టించి కోడ్ ఏమిటో చూపించమను, బ్యాటరీ కూడా చూపించు, పంపూ ఇంజెక్టరూ అన్నీ కరెంటు మీద ఆధారపడినవే. ప్లగ్ విప్పి రవ్వ చూడటం లాంటి పాత విద్యలు దాని మీద ప్రయోగించకు.

ఇన్ని చూశాక నిజంగానే రింగులూ సిలిండరూ అని తేలొచ్చు, తేలితే డబ్బు పెట్టాల్సిందే. అప్పుడు కూడా సిలిండర్ విప్పాక నువ్వు పక్కనుండు. గోడ మీద గోరుకి తగిలే గీతలు లేకపోతే, కొలిచి చూస్తే అరుగుదల హద్దులోనే ఉంటే రింగులతో సరిపోవచ్చు. బోర్ తప్పదంటే మొదటి సైజు 0.25 మి.మీ. తో సరిపోతుందేమో అడుగు, ఒక్కసారే పెద్ద సైజుకి దూకితే ఆ సిలిండర్ ఆయుష్షు తగ్గుతుంది. పాత పార్టులన్నీ సంచిలో వేసి ఇవ్వమను, ముందే చెప్పు.

ఆదివారం నీకు సెలవే కదా. చక్రం తిప్పి చూడు, క్లచ్ చూడు, ఫిల్టర్ తియ్యి, ప్లగ్ తీసి ఎండలో పెట్టి రెండు ఫోటోలు నాకు పంపు, మొన స్పష్టంగా పడాలి. ఆయిల్ స్టిక్ కూడా తుడిచి మళ్ళీ ముంచి చూడు, చాలా బళ్ళలో మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. బొటనవేలి పరీక్షకి మీ రూమ్మేట్ ని పిలువు, కిక్ మెల్లగా కొట్టమను, వాడి జిమ్ బలం అక్కడ చూపించొద్దను. మెకానిక్ ఫోన్ చేస్తే "మా పెదనాన్న ప్లగ్ ఫోటో అడిగాడు, సోమవారం చెప్తా" అని చెప్పు.

మీ పెద్దమ్మ గోంగూర పచ్చడి పట్టింది, ఎవరైనా వస్తుంటే పంపుతానంది.

ఇట్లు,
పెదనాన్న