పరుగు ఆగిన తర్వాతి పది నిమిషాలు

వసంతకాలపు ఉదయాల్లో వ్యాయామానికి ఎటువంటి దుస్తులు వేసుకోవాలని ఒక పాఠకురాలు అడిగారు. గుమ్మం దాటేటప్పుడు చలిగా ఉందని స్వెటర్ వేసుకుంటే పావుగంటకే ఉక్కపోస్తోందని, దాన్ని నడుముకు చుట్టుకుని పరుగు పూర్తిచేసి ఆగితే వణుకు పుడుతోందని ఆమె రాశారు. చాలామంది బయలుదేరేటప్పటి చలిని చూసి దుస్తులు ఎంచుకుంటారు. చూడవలసింది ఆగిన తర్వాతి పది నిమిషాలను అని నా అభిప్రాయం, దానికి లెక్క కూడా ఉంది.

ఓ మోస్తరు వేగంతో పరుగెత్తే 70 కిలోల మనిషి శరీరం సెకనుకు సుమారు 800 జూళ్ల శక్తిని, అంటే 800 వాట్లను ఖర్చు చేస్తుంది. కండరాలు అందులో నాలుగో వంతుకు మించి పనిగా మార్చలేవు కనుక దాదాపు 600 వాట్లు వేడిగా మిగులుతాయి. ఊరికే కూర్చున్నప్పుడు అదే శరీరంలో పుట్టే వేడి సుమారు 100 వాట్లే. దుస్తుల వెచ్చదనాన్ని కొలవడానికి 1941లో శాస్త్రవేత్తలు ‘క్లో’ అనే కొలమానాన్ని ప్రతిపాదించారు. 21 డిగ్రీల గదిలో కదలకుండా కూర్చున్న మనిషికి హాయిగా ఉండే దుస్తుల ఉష్ణనిరోధమే, అంటే వేడిని బయటికి పోకుండా అడ్డుకునే శక్తే, ఒక క్లో. వేడి ఆరింతలైతే, చెమట మాట పక్కన పెట్టినా, అవసరమైన నిరోధం ఇంచుమించు ఆరో వంతుకు పడిపోతుంది. కూర్చున్నప్పుడు సరిపోయిన స్వెటర్ పరుగులో భారమయ్యేది అందుకే. ఉన్ని దానంతటదే వేడిగా ఉంటుందని నమ్మే పిల్లలకు ఉపాధ్యాయులు ఒక చిన్న ప్రయోగం చేయించాలని నాకు ఎప్పటినుంచో కోరిక. రెండు మంచుముక్కలు తీసుకుని ఒకదానికి ఉన్ని గుడ్డ చుట్టి, రెండోదాన్ని గాలిలో వదిలేస్తే, చుట్టిన ముక్కే ఆలస్యంగా కరుగుతుంది, ఎందుకంటే ఉన్ని వేడిని పుట్టించదు, దాని రాకపోకలను అడ్డుకుంటుందంతే.

ఇక అసలు లెక్కకు వద్దాం. ఒక గ్రాము చెమట చర్మం దగ్గరి ఉష్ణోగ్రతలో ఆవిరి కావాలంటే సుమారు 2,400 జూళ్ల వేడి కావాలి. మీ నూలు టీషర్ట్ 100 గ్రాముల చెమటను పీల్చుకున్నదనుకుందాం. ఆ నీరంతా ఆవిరి కావడానికి 2,40,000 జూళ్లు అవసరం. పరుగులో పుట్టే 600 వాట్లకు ఇది 400 సెకన్ల పని, అంటే ఏడు నిమిషాలైనా పట్టదు. ఆగి కూర్చున్న శరీరానికి వచ్చే 100 వాట్లకైతే ఇది 40 నిమిషాల పని, అదీ శరీరంలో పుట్టే ప్రతి జూలూ ఈ ఒక్క పనికే పోతేనే. నిజానికి ఆ వేడిలో కొంత చుట్టూ ఉన్న గాలినుంచి కూడా వస్తుంది కాబట్టి భారమంతా మనమీదే పడదు, కానీ చొక్కా ఒంటికి అంటుకుని ఉన్నంతసేపు పెద్ద వాటా మనదే. అప్పటిదాకా మనల్ని చల్లబరిచి కాపాడిన నీరు, పరుగు ఆగిన క్షణంనుంచి అదే పని ఆపకుండా చేస్తూ మనల్ని వణికిస్తుంది. పైగా నీటి ఉష్ణవాహకత, అంటే వేడిని తనగుండా పోనిచ్చే గుణం, గాలికన్నా ఇరవై రెట్లకు పైగా ఎక్కువ కావడంవల్ల, దారాల మధ్య గాలి ఉండవలసిన చోట నీరు చేరగానే బట్ట తన నిరోధాన్ని చాలావరకు పోగొట్టుకుంటుంది. చెమట ఒంటిమీదే ఆరితే జలుబు చేస్తుందని పెద్దలంటారు. జలుబును తెచ్చేవి వైరస్‌లు, ఈ వణుకు మాత్రం అచ్చమైన భౌతికశాస్త్రం.

అందుచేత బట్ట ఎంత మందమన్నదానికన్నా అది ఎంత నీటిని పట్టి ఉంచుతుందన్నదే ముఖ్యం. 65 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న గాలిలో, అంటే పట్టగలిగినంత తేమలో 65 శాతం ఉన్న గాలిలో, నూలు తన బరువులో సుమారు 8 శాతం, ఉన్ని సుమారు 16 శాతం తేమను పీల్చుకుంటాయి. పాలిస్టర్ పీల్చుకునేది 0.4 శాతమే. పాలిస్టర్ పోగులోకి నీరు దాదాపు చొరబడదు. పోగుల మధ్యనున్న సన్నని సందుల్లోనే, దీపపు వత్తిలో నూనె పాకినట్టు, కేశనాళికీయతవల్ల పాకుతుంది. సందు ఎంత సన్ననైతే లాగే ఒత్తిడి అంత పెరుగుతుంది కానీ, ప్రవాహానికి నీటి జిగటవల్ల ఎదురయ్యే స్నిగ్ధతా నిరోధం అంతకన్నా వేగంగా పెరుగుతుంది. పాకిన దూరం కాలపు వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది కనుక, రెట్టింపు దూరానికి నాలుగింతల సమయం పడుతుంది. మంచి క్రీడాదుస్తుల మీద ఒక్క నీటిబొట్టు వేసి చూడండి. అది చూస్తుండగానే వెడల్పాటి పలుచని మరకగా పరుచుకుని, ఆ వైశాల్యమంతటినుంచీ ఆవిరవుతుంది. మందపాటి నూలు బట్టమీద వేసిన బొట్టు చిన్న వలయంగా ఇంకి, చాలాసేపు తడిగానే ఉంటుంది. ఉన్ని తీరు వేరు, నాకు మిక్కిలి ఇష్టమైనదీ అదే. తేమ నిండిన గాలిలో అది తన బరువులో మూడో వంతుదాకా ఆవిరిని పోగుల లోపల దాచుకోగలదు, దాచుకునేటప్పుడు కొంత వేడిని వదులుతుంది కూడా. మబ్బుపట్టిన చల్లని ఉదయాల్లో నేను పలుచని మెరినో ఉన్నినే, అంటే మెరినో జాతి గొర్రెల సన్నని ఉన్నినే, ఎంచుకుంటాను.

వసంతకాలపు నిలకడలేనితనం ఎండలోనూ గాలిలోనూ ఉంటుంది. నిర్మలమైన ఆకాశంలో ఎండ చదరపు మీటరుకు 1,000 వాట్లదాకా చేరగలదు. ఒక మబ్బు అడ్డు వస్తే, థర్మామీటరు కదలకపోయినా, ఒంటిమీద పడే వందలాది వాట్లు ఒక్కసారిగా తగ్గిపోతాయి. గాలి విషయంలో దారిని ఎంచుకోవడం దుస్తులను ఎంచుకున్నంత పని చేస్తుంది. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే మనిషికి అంతే వేగంతో గాలి ఎదురైతే ఒంటికి తగిలే గాలి 20 కిలోమీటర్లు, వెనకనుంచి వీస్తే ఇంచుమించు సున్నా. చొక్కా పొడిగా ఉన్నప్పుడు ఎదురుగాలిలో వెళ్లి, తడిసిన తర్వాత గాలివాటుగా తిరిగి వస్తే వణుకు చాలావరకు తప్పుతుంది.

పాఠకురాలి ప్రశ్నకు నా జవాబు ఇది. ఒంటికి తగిలేలా పలుచని పాలిస్టర్ లేదా మెరినో చొక్కా, దానిపైన గాలిని ఆపే తేలికైన, నిలువునా జిప్పు ఉన్న విండ్‌చీటర్ వేసుకోవాలి. మొదటి అయిదు నిమిషాలు కొంచెం చలివేస్తే వేయనివ్వాలి. చెమట మొదలయ్యాక కాక, మొదలవబోతున్నదని తెలియగానే జిప్పు తీయాలి. స్వెటర్‌ను నడుముకు చుట్టుకుంటే అది వీపుమీది చెమటను పీల్చుకుని, అవసరమయ్యే వేళకు తానూ తడిసి ఉంటుంది. ఆగగానే తడి చొక్కా విప్పి, ఒళ్లు తుడుచుకుని, పొడి చొక్కా వేసుకున్న తర్వాతే విండ్‌చీటర్ తొడుక్కోవాలి. పొడి చొక్కా దగ్గర లేకపోతే తడి చొక్కాపైనే విండ్‌చీటర్ వేసుకుని మెడదాకా జిప్పు పెట్టుకోవాలి. నీరు ఎక్కడికీ పోదు కానీ, గాలి తగలక ఆవిరయ్యే వేగం తగ్గి, ఆ 2,40,000 జూళ్ల ఖర్చు ఇల్లు చేరేదాకా వాయిదా పడుతుంది.